అడగకుండా తుడిచేది

జూలై 8, సోమవారం

పొద్దున్నే సర్వర్ నుంచి హెచ్చరిక వచ్చింది. డిస్కు నిండిపోయింది.

సర్వర్ అని పేరు పెట్టింది నేనే. నిజానికి అది ఈ హిందీ ఊళ్లో మా తెలుగు సంఘం రీడింగ్ రూములో మూలన పడి ఉన్న డొక్కు కంప్యూటరు. రైల్వేలో నా సర్వీసంతా కంప్యూటర్ సెక్షన్‌లోనే గడిచింది. రిటైరయ్యాక నాకు మిగిలిన ఉద్యోగం ఈ డబ్బాని బతికించడం. జీతం లేదు. గౌరవం అంతకన్నా లేదు. లినక్స్ అంటే ఏదో జబ్బు పేరనుకునేవాళ్ల మధ్య బతుకుతున్నాను.

సర్కండాలో మా ఇంట్లో కూర్చునే దాని లోపలికి వెళ్లాను. df -h కొట్టాను. నిండుకుండ. ఇక ఏది ఎక్కువ తింటోందో చూడాలి. దానికి నేను ఎప్పుడూ వాడే మంత్రం ఒకటుంది.

du -sh * | sort -h

చిన్నవి పైన, పెద్దవి కింద వస్తాయి. ఆఖరి వరసలో ఉన్నదే దొంగ. ఇంత చిన్న ముక్క గోవిందరావు బుర్రకి ఎక్కదు. ఆయన మా సంఘం కార్యదర్శి. బొగ్గు కంపెనీలో అకౌంట్స్ చూసి రిటైరయ్యాడు. డిస్కు నిండితే కొత్తది కొందామంటాడు. కడుపు నిండితే ఇంకో కడుపు కొందామనే రకం. పోయిన ఎన్నికల్లో నన్ను ఓడించాడు. ఒక్క పుస్తకం చదవనివాడు రీడింగ్ రూముకి పెద్ద.

ఆఖరి వరసలో దొంగ పేరు paata.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఇలా రాసేవాళ్ల వేళ్ల మీద స్కేలుతో కొట్టాలి. 'పాత' అట. ఇంకేముంటుంది, గోవిందరావు పాత ఫంక్షన్ల వీడియోలు. ఉగాదికి ఆయన మైకు వదలని ఉపన్యాసాలు, వనభోజనాల్లో ఆయన వడ్డిస్తున్నట్టు ఫోజులు. ఆయన చెత్తకి ఆయనే సరైన పేరు పెట్టుకున్నాడు. లోపలికి వెళ్లి చూసే ఓపిక నాకు లేదు.

rm -rf paata

rm అంటే తుడిచెయ్యి. ఇందులో f అంటే 'నన్ను అడక్కు, చేసెయ్యి' అని. అడగలేదు. చేసేసింది. రెప్ప వేసి తీసేలోగా డిస్కు సగం ఖాళీ. పొద్దున్నే ఇల్లు ఊడ్చుకున్నంత హాయి.

నా ఫోల్డర్లన్నీ తెలుగు లిపిలో ఉంటాయి. నల్ల తెర మీద ఆ పేర్లు గళ్లు గళ్లుగా కనిపిస్తాయి. కనిపించనీ. వాటిలో ఏముందో నాకు తెలుసు. వాటిలో ఒకటి 'పాటలు'. అప్ప పాటలు.

మా అప్ప అప్పలనర్సమ్మ. నా తోబుట్టువు, నాకన్నా ఏడేళ్లు పెద్ద. లోకో షెడ్ క్వార్టర్లలో మా నాన్నతో పనిచేసిన, ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మేన్ల పెళ్లాలు బొబ్బిలి నుంచీ పలాస నుంచీ మోసుకొచ్చిన పాటలన్నీ అప్ప గొంతులోనే మిగిలాయి. ఆ ఆడవాళ్లలో ఇవాళ ఒక్కరూ లేరు. కొన్నేళ్లపాటు ఆమె ముందు మైకు పెట్టుకుని కూర్చుని అన్నీ ఎక్కించాను. రొద తీశాను, మొదళ్లూ చివళ్లూ కత్తిరించాను, పేర్లు పెట్టాను. ఇప్పుడు ఆ గొంతులో రాచపుండు. పద్దెనిమిదో తారీకున ఆపరేషన్. గొంతుపెట్టె తీసేస్తారు. ఆ తర్వాత ఆమెకి మాట ఉండదు.

పాటలు మాత్రం ఉంటాయి. వాటిని ఎవరూ ముట్టుకోకుండా chmod 700 పెట్టాను. నేను తప్ప ఇంకెవరూ తెరవలేరు. గోవిందరావు వాట్సాప్ గ్రూపులో పెడదామన్నాడు. గుడ్ మార్నింగ్ గులాబీల మధ్య అప్ప గొంతు పెడతాడట. చచ్చినా ఇవ్వనన్నాను.

జూలై 9, మంగళవారం

సిర్గిట్టిలో అప్ప కొడుకింటికి వెళ్లొచ్చాను. గొంతు బొంగురుపోయింది, కానీ మాట తెలుస్తోంది.

"నా పాటలు బద్రమేనేటిరా?" అంది.

భద్రమే అన్నాను.

జూలై 10, బుధవారం

లేవు.

ఆపరేషన్‌కి ముందు అప్ప తన పాటలు తనే విందామంది. ఆమె కోసం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిద్దామని ఇంటి నుంచి తెరిచాను. గళ్లు గళ్లుగా కనిపించే పేర్లన్నీ ఒక్కొక్కటే విప్పి చూశాను. మీటింగుల కాగితాలు, చందాలు, ఫోటోలు. 'పాటలు' లేదు. ఆటో ఎక్కి అర్పా నది వంతెన దాటి రీడింగ్ రూముకి వెళ్లి డబ్బా ముందు కూర్చున్నాను. find తో డిస్కంతా గాలించాను. ఒక్క ఆడియో ఫైలు లేదు.

తుడిచిన ఫైలుని కూడా పట్టుకునే చిట్కా ఒకటుంది. ఎవరైనా ఆ సమయంలో దాన్ని తెరిచి వింటూ ఉంటే, పేరు పోయినా ఫైలు చావదు. వినేవాడు ఉన్నంతసేపూ అది బతికే ఉంటుంది. lsof +L1 కొడితే అలాంటివి కనిపిస్తాయి. సర్వీసులో ఉండగా ఒక ఆఫీసరు తుడిచేసుకున్న రిపోర్టుని ఇలాగే తీసిచ్చి మెప్పు పొందాను.

కొట్టాను. ఏమీ రాలేదు. ఎవరూ వినడం లేదు. వినడానికి నేను ఎవరికీ ఇవ్వలేదు.

ఎవరు చేసి ఉంటారో ఆలోచించక్కర్లేదు. ఆయన అడిగాడు, నేను ఇవ్వలేదు, ఆయన పగబట్టాడు. పాము కథలు చాలా చదివాను, ఇంత సూటైన పాముని చదవలేదు. గ్రూపులో అచ్చ తెలుగులో, ఛందస్సొకటే తక్కువగా రాశాను: "సంఘపు సొత్తుకు కాపలాదారే కన్నగాడైనచోట..." అంటూ మొదలుపెట్టి గోవిందరావు పేరుతో ముగించాను. సాక్ష్యం చెడకూడదని డబ్బాకి కరెంటు పీకేసి బీరువాలో పెట్టి తాళం వేసుకొచ్చాను.

జూలై 11, గురువారం

ఇంట్లో బ్యాకప్ డిస్కు ఉంది కదా అన్న ధైర్యంతో నిన్న పడుకున్నాను. పొద్దున దాన్ని తగిలించాను.

అందులోనూ లేవు.

రోజూ దానంతట అదే నడిచే బ్యాకప్‌ని కట్టింది నేనే. rsync -a --delete. అక్కడ ఏముంటే ఇక్కడ అదే, అక్కడ ఏది పోతే ఇక్కడా అదే పోతుంది. అద్దంలా ఉండాలని పెట్టాను. ముఖానికి మసి పూస్తే అద్దానికీ పూస్తారని అప్పుడు తోచలేదు. బ్యాకప్ అంటే అద్దం కాకూడదని ఎంతమంది కుర్రాళ్లకి పాఠం చెప్పాను!

కాబట్టి గోవిందరావు ఒక్క చోట తుడిస్తే రెండు చోట్లా పోయాయి.

మధ్యాహ్నం రీడింగ్ రూములో నాకోసం కాచుకుని కూర్చున్నాడు. ముందు మామూలుగానే మొదలుపెట్టాడు.

"తిరుమలరావు గారూ, గ్రూపులో ఏదో రాశారట. మా ఇంట్లో ఎవరికీ చదవడం కుదర్లేదు. చివరికి గుడి పూజారి గారితో చదివించుకున్నాం. నేను కన్నగాణ్ణా?"

"పదం కష్టమైతే దొంగ అనుకోండి."

"అయ్యా, నాకు ఆ డబ్బా ఆన్ చెయ్యడమే రాదు. మొన్న దాన్ని ఆన్ చేద్దామని స్విచ్ నొక్కితే ఫ్యాను ఆగింది."

మూలన పేపరు చదువుతున్న సంఘం సభ్యుడు నూకరాజు నవ్వాడు. వాడు ఎప్పుడూ గెలిచేవాడి పక్షమే.

"ఏమీ రాకపోవడం సాక్ష్యం కాదు" అన్నాను. "మీ అబ్బాయికి రావచ్చు. మీ డ్రైవరుకి రావచ్చు."

"నాకు డ్రైవరు ఎక్కడండీ, స్కూటీ మీద తిరుగుతా." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "పోనీ, పోయాయే అనుకోండి. అక్కయ్య గారికి ఇంకా గొంతు ఉంది కదా. ఆపరేషన్‌కి టైముంది. మళ్లీ పాడించుకోండి. పదండి, ఇప్పుడే వెళ్దాం, ఫోను నేను పట్టుకుంటా."

ఎంత తెలివి! ఇల్లు తగలబెట్టి నీళ్ల బిందె పట్టుకొచ్చే జాతి. మళ్లీ పాడించుకుంటే పోయింది పోనట్టే, చేసినవాడు చెయ్యనట్టే. నా నోటితో నేనే అప్పకి వెళ్లి నీ పాటలు పోయాయని చెప్పాలా? ఈయన నేరం కడగడానికి?

"మీ సలహా మీ దగ్గరే ఉంచుకోండి" అని వచ్చేశాను.

జూలై 12, శుక్రవారం

history, అంటే కొట్టిన ఆజ్ఞలన్నీ రాసిపెట్టే ఫైలు, చూడలేదు. దొంగ తన అడుగులు చెరుపుకునే పోతాడు. చూడక్కర్లేదు.

జూలై 13, శనివారం

బ్యాకప్ డిస్కు మీద photorec నడిపాను. తుడిచిన చోట్లని గోకి, దొరికిన ముక్కలకి దిక్కుమాలిన నెంబర్లు పేర్లుగా పెట్టి కుప్ప పోస్తుంది. సర్వర్‌లో ఉన్నది ఈ మధ్య సౌమ్య పెట్టిన కొత్త రకం డిస్కు. తుడిచిన జాగాని తనే కడిగేసుకుంటుందట, దాంట్లో వెతకడం దండగ. సౌమ్య అప్ప మనవరాలు, ఒక కోచింగ్ సెంటర్‌లో కంప్యూటర్లు చూసుకుంటుంది. తెలుగు చదవడం రాదు. మాట్లాడేది కూడా తెలుగని నేను ఒప్పుకోను.

రోజంతా కుప్పని విన్నాను. పాటలున్న చోట అదే రోజు వేరే కాపీలు వచ్చి కూర్చున్నాయి. అప్పవి దొరికినవి ఒక దగ్గు, ఒక ఊపిరి, "ఏటిరా, అది తిరుగు—" అని తెగిపోయిన ఒక మాట. అంతే.

గోవిందరావు మూడేళ్లనాటి ఉగాది ఉపన్యాసం మాత్రం ఒక్క అక్షరం పోకుండా, చప్పట్లతో సహా దొరికింది. దాన్ని నిరుడు తుడిచింది నేనే. చచ్చినా చావలేదు. మొదట నవ్వొచ్చింది. తర్వాత బల్ల మీద తల పెట్టుకున్నాను.

సాయంత్రం అప్ప ఫోన్ చేసింది. బొంగురు ఇంకా పెరిగింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఈల వేస్తోంది.

"ఏటిరా, నాలుగురోజులై కనబడవు?"

"పని ఉందప్పా."

"రిటైరైపోయినోడికి ఏటి పనిరా? ఇనుకో. పొద్దున ఓ పాట గ్యాపకమొచ్చింది. నీకు పాడనేదు. షెడ్డు కాడ నూకాలమ్మ పాడీది. గొంతు పోకముందే వొచ్చి ఎట్టుకో."

నా దగ్గర లేని పాట. ఎప్పుడూ ఎక్కించని పాట.

వెళితే, పెన్‌డ్రైవ్ ఏదిరా అని అడుగుతుంది. అడిగితే నేను అబద్ధం చెప్పలేను. చెప్పగలను, కానీ ఆమె ముఖం చూస్తూ చెప్పలేను. ముందు గోవిందరావు చేత నలుగురిలో ఒప్పించాలి, ఆ తర్వాత వెళ్లి అసలు సంగతి చెప్పి, కొత్త పాటతో పాటు పోయినవన్నీ మళ్లీ పాడించుకుంటాను. పద్దెనిమిది దాకా టైముంది.

"డాక్టరు గొంతుకి రెస్టు ఇమ్మన్నాడు కదా" అన్నాను.

"నీ రెస్టు మండా. రెస్టిత్తే మిగులుతాదేటి?" అని పెట్టేసింది.

జూలై 14, ఆదివారం

అప్పకి ఊపిరి అందలేదు. ఆస్పత్రిలో చేర్చారు. ఆపరేషన్ మంగళవారానికే ముందుకి జరిపారు.

వెళ్లాను. ఆక్సిజన్ పెట్టుకుని నిద్రపోతోంది. లేపలేదు. లేపకూడదు అన్నారు అని రాయబోయాను. ఎవరూ అనలేదు.

జూలై 15, సోమవారం

పొద్దున్నే సౌమ్య మా ఇంటికొచ్చింది. స్కూటీ మీద తడిసి ముద్దయి వచ్చింది. బ్యాగులో ఆ డబ్బాలోని డిస్కు. బీరువా తాళం పగలగొట్టారా అని అరిచాను.

"నూకరాజు అంకుల్ దగ్గర ఇంకో చాబీ ఉంది తాతా. చిల్లానా బంద్ కరో. నానమ్మ పాటలు పోయాయని మీరు ఐదు రోజుల ముందే తెలుసుకున్నారు. మాకెందుకు చెప్పలేదు? గోవిందరావు అంకుల్ చెప్తే తెలిసింది. ఆయన ఏడుస్తున్నారు, మాలూమ్?"

"ఏడవనీ. పాపభయం."

డిస్కుని నా కంప్యూటర్‌కి తగిలించింది. చదవడానికి తప్ప రాయడానికి వీల్లేకుండా తగిలించింది, ఆ పద్ధతి నేనే నేర్పాను.

"మీ హిస్టరీ చూశారా?"

"దొంగ తన అడుగులు—"

"అచ్ఛా, అచ్ఛా. చూద్దాం కదా." నా ఖాతాలోకి వెళ్లి నేను కొట్టిన ఆజ్ఞలన్నీ దాచే ఫైలుని తెరిచింది. grep తో rm ఉన్న వరసలు మాత్రం పట్టింది. కిందనుంచి రెండోది చూపిస్తూ ఆగిపోయింది.

rm -rf paata

"యే ఆప్‌నే కియా?"

"అవును. అవి గోవిందరావు పాత వీడియోలు. డిస్కు నిండిపోతే తీసేశాను. దానికీ దీనికీ ఏం సంబంధం?"

నా ముఖం వైపు చాలాసేపు చూసింది. ఆ చూపు అప్పది.

"పాత కాదు తాతా. పాట. పాటా. సాంగ్. కొత్త డిస్కు పెట్టినప్పుడు నేనే ఆ పేరు పెట్టా. మీ తెలుగు పేరు నాకు గళ్లు గళ్లు దిఖ్ రహా థా, కాపీ అయిందో లేదో తెలీక ఇంగ్లీష్‌లో రాశా. మీ పాస్‌వర్డ్ మీరే ఇచ్చారు. ఆ రోజే ఫోన్ చేసి చెప్పా, గుర్తులేదా?"

చెప్పింది.

ఆ రోజు ఫోన్లో 'పళ్లు' అనబోయి 'పల్లు' అంది. దాని మీద నేను పాఠం మొదలుపెట్టాను. ళ ఎలా పుడుతుందో, నాలుక ఎక్కడ మడతపడాలో చెప్పాను. ఆమె ఏదో చెబుతూనే ఉంది. నేను వినలేదు.

పళ్ల వెనక నాలుక తగిలితే పాత. అంగిట్లో తగిలితే పాట. బొట్టంత దూరం. ఇంగ్లీషు అక్షరానికి ఆ దూరం తెలియదు. తెలిసినవాణ్ణి నేను. నాకు తెలిసిన మాట ఆ క్షణంలో ఒక్కటే, గోవిందరావు. ఆయన మీద అసహ్యంతో చదివాను కాబట్టి నాకు 'పాత' కనిపించింది.

ఇది ఇవాళ తెలుసుకోవాల్సింది కాదు. ఇది పోయిన బుధవారమే తెలుసుకోవాల్సింది. అప్పుడు అప్పకి గొంతు ఉంది. గోవిందరావు ఫోన్ పట్టుకుంటానన్న రోజున గొంతు ఉంది. శనివారం కొత్త పాట పాడతాను రారా అన్నప్పుడు కూడా ఉంది.

సౌమ్య డిస్కు పీకి బ్యాగులో వేసుకుంది. "చలో" అంది. స్కూటీ వెనక కూర్చున్నాను. వానలో ఆస్పత్రికి.

అప్ప మెలకువగా ఉంది. మాట గుసగుసలా వస్తోంది, మధ్యమధ్య మాత్రం పాత గొంతు ఒకసారి పైకి లేచి మళ్లీ పడిపోతోంది. మంచం పక్కన నిలబడి చెప్పాను. గోవిందరావు సంగతి చెప్పాను. ఫోల్డరు సంగతి చెప్పాను. అద్దం సంగతి చెప్పాను. అన్నీ చెప్పాక గానీ అసలు మాట నోట రాలేదు.

"నేనే తుడిచేశానప్పా. పాత అనుకున్నాను. పాట అది."

కాసేపు అర్థం కాలేదు ఆమెకి. సౌమ్య హిందీలో మళ్లీ చెప్పింది. అప్పుడు అప్ప నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గుతూనే నవ్వింది. నర్సు పరిగెత్తుకొచ్చి చూసి వెళ్లింది.

"ఓలమ్మో! పాతకీ పాటకీ తేడా తెల్దేటిరా నీకు? అన్ని పుస్తకాలు సదివీసినావు. ఈ గుంటకి తెలుగు రాదని ఇంటికొచ్చినప్పుడల్లా ఏడిపిత్తావు. సిగ్గు నేదేటి?"

"లేదు" అన్నాను.

ఫోను తీసి రికార్డింగ్ పెట్టి ఆమె ముందుకు జరిపాను. "ఓపిక ఉన్నంత పాడప్పా. ఏదో ఒకటి. శనివారం చెప్పిన నూకాలమ్మ పాటైనా."

ఫోను వైపు చూసింది. చెయ్యి చాపి తీసుకుంది. "దానిదీ ఇయ్యి" అని సౌమ్య ఫోను కూడా తీసుకుంది. రెండూ దిండు కింద పెట్టి దాని మీద తల పెట్టుకుంది.

"ఇంక మిషన్‌కి పాడను. ఇన్నేళ్లు పాడినాను గదా, అది ఇన్నాదేటి? మిషన్‌లో ఉన్నాది గదా అని మీలో ఒక్కడికైనా ఓ పాట వొచ్చేటి? గుంటా, ఇలా రా, కూకో. నాను సెప్పింది సెప్పు."

"దాదీ, ఐసే కైసే? నాకు మాటలు మర్చిపోతా—"

"మర్సిపోతే మల్లీ అడుగు. రేపొద్దుట దాకా నోరున్నాది." నా వైపు తిరిగింది. "నువ్వు ఎల్లి టీ తాగు. నీ మొకం ఎదురుగుంటే పాట రాదు."

టీకి వెళ్లలేదు. వరండాలో తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఫోను లేదు, పెన్ను లేదు. లోపల బొంగురు గొంతు ఒక ముక్క అంటోంది, లేత గొంతు దాన్ని తప్పుగా అంటోంది, మళ్లీ బొంగురు గొంతు.

రాయగడ దాటింది రైలుబండీ — ఓలమ్మ
రవ్వంత బొగ్గెయ్యి ఫైరుమేనా

సౌమ్య 'బగ్గు' అంది. దిద్దే మాట నా నాలుక చివరికి వచ్చింది. పళ్లు బిగించాను. ట్రాలీలు, చెప్పుల చప్పుడు, ఎవరో ఏడుస్తున్న పసిబిడ్డ. తర్వాతి మాటలు వినపడలేదు. ఇది నూకాలమ్మది కాదు, గొప్ప పాటా కాదు. పెళ్లిలో ఆడబిడ్డ మరదల్ని ఎగతాళి చేసే పాట, మొట్టమొదట ఎక్కించింది ఇదే. గొప్పవి ఎన్నో ఉన్నాయి, పురుటి పాటలు, కరువు పాట, షెడ్డులో మనిషి పోయినప్పుడు పాడేది. అవి చెప్పప్పా అని లోపలికి వెళ్లి కాళ్లు పట్టుకుందామా అనిపించింది. వెళ్లలేదు.

ఆ ఒక్క పాట అయ్యేసరికి మాట పూర్తిగా అణిగిపోయింది. నర్సు వచ్చి చాలు అంది. నూకాలమ్మ పాట మొదలే పెట్టలేదు.

జూలై 16, మంగళవారం

తీసుకెళ్లారు. తలుపు దగ్గర నా వైపు చూసి ఏదో అంది. చక్రాల చప్పుడులో వినపడలేదు. ఆఖరి మాట అది.

జూలై 17, బుధవారం

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. ఊపిరి ఆడుతోంది.

గ్రూపులో రాశాను. అచ్చ తెలుగులో రాస్తే పూజారి గారి దాకా వెళ్లాలి. అందుకని జీవితంలో మొదటిసారి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాను. govindarao gaaru emi tudavaledu. tudichindi nenu. tappu naadi. తప్పు అన్న మాటకి రెండు p లు పెట్టాలా ఒకటా అని కాసేపు ఆలోచించాను. ఇలా ఆలోచించడం కూడా తప్పించుకోవడమే.

గోవిందరావు దగ్గర్నుంచి ఒక దండం బొమ్మ వచ్చింది. సాయంత్రం ఫ్లాస్కుతో టీ పట్టుకుని ఆస్పత్రికొచ్చాడు. నా పక్కన కూర్చున్నాడు. కన్నగాడన్న మాట గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. ఈ మనిషిని అసహ్యించుకోవడానికి నాకింక ఏమీ మిగల్లేదు. ఇన్నేళ్లు అదొక్కటే నన్ను పొద్దున్నే లేపేది.

జూలై 20, శనివారం

అప్ప గొంతు కింద చిన్న కన్నం. ఊపిరి అక్కణ్ణుంచి వస్తోంది. పెదాలు కదిలిస్తుంది, చప్పుడు ఉండదు. నాకు ఏమీ అర్థం కాదు. పలక తెద్దామంటే ఆమెకి రాయడం రాదు. ఇంట్లో అందరికీ చదువు చెప్పాను, ఆమెకి చెప్పలేదు. ఆమెకెందుకు, పాడుతుంది కదా అనుకున్నాను.

జూలై 21, ఆదివారం

బ్యాకప్ డిస్కుని మళ్లీ ఒకసారి గోకాను. లేదు. ఇంకెప్పుడూ గోకను.

గోకుతాను.

జూలై 25, గురువారం

ఇవాళ ముక్కులో ట్యూబు తీసి కాస్త గంజి పోశారు. అప్ప తేటగా ఉంది. కోచింగ్ సెంటర్ నుంచి వస్తూ వస్తూ సౌమ్య వార్డులోకి వచ్చింది. అప్ప పెదాలతో ఏదో అని వేలు చూపించింది. పాడమని.

వార్డులో అందరూ చూస్తున్నారు. పిల్ల సిగ్గుపడుతూనే మొదలుపెట్టింది.

రాయగడ దాటింది రైలుబండీ — ఓలమ్మ
రవ్వంత బొగ్గెయ్యి ఫైరుమేనా

బొగ్గు సరిగ్గా వచ్చింది. అక్కడ ఆగింది. "ఉస్‌కే బాద్?" అని కళ్లు మూసుకుంది. గుర్తురాలేదు. కళ్లు తెరిచి నా వైపు చూసింది.

"తాతా, తర్వాతి లైను?"

అప్ప కూడా నా వైపు చూసింది.

ఆ పాట ఎన్నిసార్లు విన్నానో! మొదట్లో ఉన్న కుర్చీ చప్పుడు తీసేశాను. మధ్యలో వచ్చిన రైలు కూత తగ్గించాను. చివర నిశ్శబ్దాన్ని సరిగ్గా ఎక్కడ కత్తిరించాలో వారం రోజులు తేల్చుకోలేకపోయాను. ఆ ఫైలు ఎంత బరువో చెప్పగలను. ఏ తేదీన చేశానో చెప్పగలను. మూడో లైను చెప్పలేను. నాకు రాదు. నాకు ఏ పాటా రాదు.

"తెలీదమ్మా" అన్నాను.

అప్ప చెయ్యి పైకెత్తి సౌమ్యని దగ్గరికి రమ్మంది. పెదాలు మెల్లగా కదిలించింది, ఒక్కో మాటా విడదీస్తూ. నేనూ వంగాను. కళ్లజోడు సర్దుకుని చూశాను. పెదాలు మూసుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. నాకు అక్కడ ఏ అక్షరమూ కనిపించలేదు.

సౌమ్య కనుబొమలు ముడిచి చూసింది. "మా..." అంది. అప్ప తల ఊపింది. "మా తమ్... తమ్ముడు?" అప్ప మళ్లీ ఊపింది. మసి కోసం బుగ్గల మీద వేళ్లు రాసుకుని చూపించింది. పిల్ల ముఖం వెలిగింది. ఒక్కసారి ఊపిరి పీల్చుకుని పాడింది.

మా తమ్ముడొత్తాడు మసిమొగముతో

అప్ప నా వైపు చూస్తూ నవ్వింది. చప్పుడు లేదు. గొంతు కింద కన్నంలోంచి గాలి మాత్రం గబగబా వచ్చింది.